తొమ్మిది గంటలకు మూడు నిమిషాలు తక్కువ

నాండీ నుంచి టోక్యోకి ఏడు వేల నూట ముప్పై కిలోమీటర్లు. ఆ దూరం ఏ రోజూ మారదు. మారేది గాలి. అందుకే ఉనైసి డ్యూటీకి రాగానే సంచి కుర్చీకి తగిలించి, తడిసిన జుట్టయినా తుడుచుకోకుండా ముందు గాలి పటం తెరుస్తుంది.

ఆ మంగళవారం పొద్దున కూడా తెరిచింది. బయట వాన. ఫిజీ చుట్టూ మబ్బులు ముసురుకుని ఉన్నాయిగాని దారిలో వాటితో పేచీ లేదు. భూమధ్యరేఖ దాటేదాకా గాలి ఉన్నట్టే లేదు. కష్టమంతా చివర్లో ఉంది. జపాన్ ఇంకా పదిహేను వందల కిలోమీటర్లు ఉందనగా పడమటి గాలి అందుకుంటోంది. గంటకి రెండు వందల డెబ్బై కిలోమీటర్ల వేగం. దానికి ఎదురీదుతూ పోవాలి. ఫిబ్రవరిలో అక్కడ ఎప్పుడూ అంతే.

విమానం ఏ దారిన, ఎంత ఎత్తున, ఎంత ఇంధనంతో, ఎంతసేపు ఎగరాలో లెక్కగట్టి కాగితం మీద పెట్టడం ఆమె ఉద్యోగం. కింద ఆమె సంతకం, పక్కన కెప్టెన్ సంతకం పడితేగాని విమానం కదలదు. అంకెలన్నీ ఇచ్చి మీట నొక్కింది. తెర మీద జవాబు వచ్చింది: తొమ్మిది గంటల ఇరవై ఆరు నిమిషాలు.

కంపెనీ నిబంధనల పుస్తకంలో ఒక గీత ఉంది. ప్రయాణం తొమ్మిది గంటలు దాటుతుందని లెక్క తేలితే ఇద్దరు పైలట్లు చాలరు, మూడోవాళ్ళు ఉండాలి. ఒకరు పడుకుంటే ఇద్దరు నడుపుతారు. దాటకపోతే ఇద్దరే.

ఉనైసి వేలు తెర మీద ఇంకో గడి దగ్గరికి వెళ్ళింది. 'నెల సగటు గాలి' అని ఉంటుందక్కడ. దాన్ని ఎంచుకుంటే యంత్రం ఈ రోజు గాలిని పక్కన పెట్టి ఫిబ్రవరి మొత్తానికి సర్దిన గాలితో లెక్క కడుతుంది. అప్పుడు జవాబు ఎనిమిది గంటల యాభై ఏడు నిమిషాలు వస్తుంది. మూడు వారాలుగా అలాగే వస్తోంది.

"మరదలా, ఇంకా నొక్కలేదా?"

గుమ్మంలో జోనెతానీ. పూల చొక్కా భుజాల దగ్గర తడిసి ఒంటికి అంటుకుంది. ఆపరేషన్స్ మేనేజర్ అతను. ఉనైసికి మేనత్త కొడుకు. కడావు దీవిలో వాళ్ళిద్దరి ఊళ్ళూ ఒకే ఒడ్డున ఉంటాయి. బావామరదళ్ళ వరస గనక పదిమందిలో కూడా ఒకళ్ళనొకళ్ళు ఏమైనా అనుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

"నువ్వు గొడుగు పట్టుకోవడం నేర్చుకున్నాక నొక్కుదామని."

జోనెతానీ నవ్వలేదు. లోపలికొచ్చి తలుపు వేశాడు.

"నిన్నటి విమానం టోక్యోలో దిగాక పక్కదారి పట్టింది. రెక్క కొస దీపస్తంభానికి తగిలింది."

"ఎవరికైనా..."

"ఎవరికీ ఏం కాలేదు. రెక్క చివర చీలింది. కంట్రోల్ టవర్ కుడివైపు తిరగమంటే కెప్టెన్ సింగారం ఎడమకి తిరిగాడట. నిర్లక్ష్యం. రేపు ప్రయాణికుడిగా వెనక్కి తెస్తున్నారు, గురువారం విచారణ." అతను తెర వైపు చూశాడు. "నిన్నటి ప్లాన్ నీదేగా? తొమ్మిదికి మూడు నిమిషాలు తక్కువ. అంతా నిబంధన ప్రకారమే ఉంది. నిన్ను పిలుస్తారు. ఆ ఒక్క ముక్కా చెప్పి వచ్చెయ్."

"నిన్న నిజంగా ఎంతసేపు పట్టింది?"

"అదెందుకు?"

"ఎంత, బావా?"

"తొమ్మిది ముప్పై ఒకటి." అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. "ఈ రోజుది కానియ్. ఇద్దరు పైలట్లు అప్పుడే ఇంటి దగ్గర బయల్దేరారు. మూడోవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాను, మీ ఊరి చేపల బుట్టలోంచా? ఇంధనం ఎప్పట్లాగే సరిపడా పోయించు. విమానానికేం ఢోకా లేదు."

అది నిజమే. ఇంధనం విషయంలో ఉనైసి ఎన్నడూ తగ్గించలేదు. గంటలు సగటు గాలివి, ఇంధనం మాత్రం అసలు గాలిది. విమానం నీళ్ళల్లో పడదు. భారం పడేది లోపల కూర్చున్న ఇద్దరి రెప్పల మీద.

జోనెతానీ వెళ్ళాక కాసేపు ఆ రెండు అంకెల్నీ చూస్తూ కూర్చుంది. గేటు దగ్గర్నుంచి ఫోను మోగింది, ప్లాన్ ఏమైందని. ఆమె గడి నొక్కింది. ఎనిమిది యాభై ఏడు. సంతకం పెట్టింది.

ఆమె లేని రోజుల్లో ఆ కుర్చీలో కూర్చునేది నిలేష్. మూడు వారాల్లో నిలేష్ పెట్టినవి నిలేష్‌వి. ఆమె పెట్టినవి దీంతో కలిపి తొమ్మిది.

బుధవారం టోక్యో విమానం ఉండదు. పొద్దున పదింటికి ఆమె కాఫీ తెచ్చుకోవడానికి కిందికి దిగినప్పుడు సిబ్బంది ద్వారం దగ్గర కెప్టెన్ సింగారం కనిపించాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెడని యూనిఫాంలో తప్ప ఎవరూ చూడని మనిషి, ఎవరిదో వదులు చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. కౌంటర్ అవతల సెక్యూరిటీ అమ్మాయి తల పైకెత్తకుండా చెయ్యి చాపింది.

"కార్డు ఇవ్వాలి సార్. నాకు అలా చెప్పారు."

ఆయన మెడలోంచి తాడు తీశాడు. అది కళ్ళజోడుకి చిక్కుకుంది. తియ్యబోతే ఇంకా మెలిపడింది. వెనకాల బళ్ళ మీద సామాన్లు తోసుకొచ్చేవాళ్ళు ఆగిపోయారు. ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తీసి, తాడు విడదీసి, కార్డు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"రసీదు ఇస్తావా అమ్మా?"

"రసీదు లేదు సార్."

"ముప్పై నాలుగేళ్ళ కిందట ఇచ్చినప్పుడు నాచేత సంతకం పెట్టించుకున్నారు," అన్నాడాయన, కోపంగా కాదు, గుర్తు చేసినట్టు. బయటి తలుపు తెరుచుకోగానే వానలోకి నడిచాడు.

ఉనైసి కాఫీ తీసుకోకుండానే పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకి డ్యూటీ దిగి నేరుగా ఆయన ఇంటికి వెళ్ళింది. వాన కాస్త తెరిపిచ్చింది. సింగారం నిచ్చెన ఎక్కి చూరు కాలువలో పేరుకున్న మామిడాకులు చేత్తో తీసి కింద పడేస్తున్నాడు. నిచ్చెన కాళ్ళు పట్టుకుని ఆయన భార్య సరోజిని నిలబడి ఉంది.

"దిగండి అంటే దిగరు," అంది ఉనైసిని చూడగానే. "రెండు రాత్రుల్నించి నిద్ర లేదు. కింద పడితే దానికి కూడా విచారణ పెడతారు. నువ్వైనా చెప్పు."

"బాబాయ్, దిగండి."

"చివరి గుప్పెడు." ఆయన తీసి పడేసి దిగాడు. మోకాలు తుడుచుకుంటూ మెట్టు మీద కూర్చున్నాడు. సరోజిని నిమ్మగడ్డి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"కళ్ళ ముందు దీపాలు రెండేసి కనబడ్డాయి అమ్మాయ్," అన్నాడు ఎవరూ అడక్కుండానే. "దిగడం బాగానే దిగాను. దిగాక ఒళ్ళు వదిలేసింది. కుడి అని చెవిలో విన్నాను, చెయ్యి ఎడమకి తిరిగింది. పక్కన కూర్చున్న అమ్మాయి కూడా విన్నది, తనూ చూడలేదు. తొమ్మిదిన్నర గంటలు ఇద్దరం మేలుకునే ఉన్నాం. ఇదే మాట రేపు చెబుతాను. చెబితే ఏమంటారో కూడా తెలుసు. ప్లాన్‌లో ఎనిమిది యాభై ఏడు ఉంది కదా అంటారు."

"అది నేను రాసిన అంకె."

"నేను సంతకం పెట్టిన అంకె. ముప్పై నాలుగేళ్ళుగా టోక్యో వెళ్తున్నాను, ఫిబ్రవరిలో అది తొమ్మిదిలోపు అవదని నాకు తెలీదా? పెట్టాను. మూడోవాడు కావాలంటే విమానం ఆగుతుంది, ఆపింది సింగారం అంటారు, ఈ వయసులో ఎందుకులే అనుకున్నాను." ఆయన అరచేతికి అంటిన ఆకు గిల్లి పారేశాడు. "నీ తప్పెంతో నాదీ అంతే. రేపు అడిగినదానికి అవునని చెప్పి ఇంటికి పో. జోనెతానీ మీ మనిషి. నీకిద్దరు పిల్లలు."

ఉనైసి ముఖం ఎర్రబడింది.

"నా పిల్లల్ని తెచ్చి నా నోటికి అడ్డం పెట్టకండి బాబాయ్. మా బావ ఆ ఒక్క ముక్కా చెప్పి వచ్చెయ్యమన్నాడు, మీరూ అదే అంటారా? మీ కార్డు తీసుకుంటుంటే ఎదురుగా నిలబడి చూశాను. నా అంకె పెట్టే మిమ్మల్ని పడగొట్టారు. ఊరుకుని ఇంటికి పోయి అన్నం ఎలా తినమంటారు?"

సరోజిని టీ కప్పులతో గుమ్మంలో ఆగిపోయింది.

"దాన్ని అరవనియ్యండి," అంది భర్తతో. "ఈ ఇంట్లో రెండ్రోజుల్నించి ఎవరూ అరవలేదు."

గురువారం విచారణ రెండో అంతస్తులో పెట్టారు. పొడవాటి బల్లకి అటు భద్రతా విభాగం అధికారి మెరెసేని, ఆమెకి అటూ ఇటూ ఇద్దరు. మెరెసేని నెరిసిన జుట్టు గుండ్రంగా దువ్వుకుని, నల్ల లుంగీ మీద తెల్ల చొక్కా వేసుకుంది. చర్చిలో పాట మొదలుపెట్టే మనిషిలా నిటారుగా కూర్చుంది. ఒక చివర సింగారం, ఇంకో చివర జోనెతానీ. కిటికీ అద్దం మీద వాన తాళ్ళలా దిగుతోంది.

"సోమవారం టోక్యో ప్లాన్ మీరే చేశారా?" మెరెసేని అడిగింది.

"నేనే."

"అందులో ప్రయాణకాలం?"

"ఎనిమిది గంటల యాభై ఏడు నిమిషాలు."

"అంటే మన పుస్తకం ప్రకారం ఇద్దరు పైలట్లు చాలు."

"కాగితం ప్రకారం చాలు."

జోనెతానీ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. మెరెసేని రాసుకుని, "సరే, మీరు వెళ్ళొచ్చు," అంది.

ఉనైసి లేవలేదు.

"రెండో పేజీ తిప్పండి మేడమ్."

"అందులో ఏముంది?"

"ఇంధనం. ఎనిమిది యాభై ఏడుకి ఎంత కావాలో, నేను ఎంత పోయించానో పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కువ పోయించింది అరగంట పైచిలుకు ప్రయాణానికి సరిపోతుంది. ఎందుకు పోయించానో ఎవరూ అడగలేదు. విమానం తొమ్మిదిన్నర గంటలు ఎగురుతుందని నాకు ముందే తెలుసు గనక పోయించాను. ఆ రోజు గాలితో లెక్క తొమ్మిది ఇరవై తొమ్మిది వచ్చింది. దాన్ని చెరిపి నెల సగటు గాలితో మళ్ళీ చేశాను."

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది. మెరెసేని రెండో పేజీ మీద వేలు పెట్టి గీత వెంబడి నెమ్మదిగా కిందికి జరిపింది. వేలు ఆగింది.

"ఎందుకు చెరిపారు?"

"మూడో పైలట్ అక్కర్లేకుండా."

"ఎవరు చెప్పారు?"

ఉనైసి జోనెతానీ వైపు తిరిగింది. మాట వెనక్కి తీసుకోవడానికి ఇదే చివరి అవకాశమన్నట్టు అతను కనుబొమలు ఎత్తాడు.

"చెప్పింది ఆపరేషన్స్ మేనేజర్. సంతకం నాది. ఒక్కసారి కాదు, తొమ్మిది సార్లు. రెండూ రాసుకోండి."

"ఇది అన్యాయం," జోనెతానీ ముందుకి వంగాడు. "సగటు గాలి వాడొచ్చు అని ఏదో మాటవరసకి అని ఉంటాను. కాగితం మీద నా సంతకం ఎక్కడైనా ఉందా? తన తప్పు నా మీదికి తోస్తోంది. సాక్ష్యం ఏది?"

"లేదు," అంది ఉనైసి. "నోటితో చెప్పావు. వానలో తడిసి వచ్చి, తలుపేసి మరీ చెప్పావు. నువ్వు అబద్ధం ఆడుతుంటే నీ ముఖం ఎలా ఉంటుందో మా అత్తకి తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడలాగే ఉంది."

ఒక చివర్నుంచి సింగారం దగ్గాడు, నవ్వు ఆపుకున్నట్టు. మెరెసేని కలం కింద పెట్టింది.

"ఈ విషయం తేలేదాకా మీరు ప్లాన్లు చెయ్యకూడదు. ఇప్పట్నించే. డ్యూటీ అప్పగించండి."

"ఎవరికి? నిలేష్ బా టౌన్లో చిక్కుకుపోయాడు, వంతెన మీంచి నీళ్ళు పోతున్నాయి. టోక్యో విమానం ఒంటిగంట ఇరవై ఐదుకి."

అందరూ జోనెతానీ వైపు చూశారు. మేనేజర్ కాకముందు తొమ్మిదేళ్ళు అతను ఆ కుర్చీలో కూర్చున్నవాడే. లైసెన్సు ఇప్పటికీ ఉంది.

కింద గదిలో ఉనైసి పుస్తకంలో టైము వేసి, డ్యూటీ అప్పగించినట్టు సంతకం చేసింది. జోనెతానీ కుర్చీలో కూర్చుని, ఎత్తు సరిచేసుకున్నాడు. ఆమె ఇంకో కుర్చీ ఈడ్చుకుని గోడవారగా కూర్చుంది.

"నీకింకా ఇక్కడేం పని?"

"డ్యూటీలోంచే తీశారు. గదిలోంచి తియ్యలేదు."

అతను గాలి పటం తెరిచాడు. వేళ్ళు మొదట తడబడినా తర్వాత పాత వాటం అందుకున్నాయి. ఎత్తు, బరువు, దారి. మీట నొక్కాడు. తొమ్మిది గంటల ముప్పై మూడు నిమిషాలు. ఆ రోజు గాలి ఇంకా గట్టిగా ఉంది.

గేటు నుంచి ఫోను. "వస్తోంది, వస్తోంది," అని పెట్టేశాడు. వేలు సగటు గాలి గడి మీదికి వెళ్ళింది. నొక్కాడు. ఎనిమిది యాభై ఏడు. ప్రింటర్ గురగురమని కాగితం బయటికి తోసింది. అడుగున, సంతకం పెట్టే చోటికి పైన, యంత్రం తనంతట తానే పేరు అచ్చు వేస్తుంది. మూడు వారాల్లో మొదటిసారి అక్కడ జోనెతానీ పేరు పడింది. పేరు పక్కన టైము, పదకొండు గంటల పన్నెండు నిమిషాలు.

అతను కలం తీశాడు. కాగితం సరిగ్గా జరిపి పెట్టాడు. కలం కాగితానికి వేలెడు ఎత్తున ఆగింది.

ఎంతసేపటికీ కిందికి దిగలేదు.

అతను లేచి నీళ్ళు తాగాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట వానలో విమానం తోక కనిపిస్తోంది, దాని కింద ఇంధనం బండి వచ్చి ఆగింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పెట్టు బావా," అంది ఉనైసి. "కాగితమే కదా. విమానానికేం ఢోకా లేదు."

"నోరు ముయ్యి."

"తొమ్మిదిసార్లు పెట్టాను నేను. నీకు ఒక్కటే. పెట్టు, చూసి పోతాను."

ఫోను మళ్ళీ మోగింది, ఈసారి పైలట్ల డ్యూటీలు చూసే డెస్కు నుంచి. అది మోగుతుండగానే అతను కాగితాన్ని గుప్పిట్లో నలిపి చెత్తబుట్టలో పడేసి, ఫోను ఎత్తాడు.

"గేటుకి చెప్పు, గంటన్నర ఆలస్యం. ఎందుకా? మూడో పైలట్ రావాలి గనక. ఇంటి దగ్గర సిద్ధంగా ఉన్నది ఎవరు? పిలువు. లేదు, అడగడానికేం లేదు, పిలువు. తొమ్మిది ముప్పై మూడు పడుతుంది." ఫోను పెట్టేసి, గోడకి చెప్పినట్టు అన్నాడు, "నలభై వేల అడుగుల మీంచి పడితే ముక్కలు ఎవడు ఏరుకుంటాడు."

కొత్త కాగితం వచ్చింది. ఈసారి కలం ఆగలేదు.

ఉనైసి లేచి చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళింది. వంగి నలిగిన కాగితాన్ని తీసింది. బల్ల మీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేసింది. పేరు, టైము, ఎనిమిది యాభై ఏడు, అన్నీ కనిపిస్తున్నాయి.

"అది చెత్త," అన్నాడు జోనెతానీ.

"చెత్తయితే నీకెందుకు?"

అతను ఆమె వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. అతను లేచి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. అతను చెయ్యి చాపలేదు. కుర్చీ తెర వైపు తిప్పుకుని, అక్కర్లేకపోయినా గాలి పటం మళ్ళీ తెరిచాడు.

ఉనైసి ఆ కాగితం పట్టుకుని రెండో అంతస్తు మెట్లెక్కింది.

తర్వాతి మంగళవారానికి సింగారం కాగితాల్లోంచి నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. నెలరోజుల శిక్షణ చేసి మళ్ళీ ఎగరమన్నారు. ఆయన కార్డు తిరిగి తీసుకుంటూ ఈసారి రసీదు తానే రాసి కౌంటర్లో ఇచ్చి వచ్చాడట. జోనెతానీ మీద విచారణ రాజధాని సువాలో వేరేగా మొదలైంది. వారంలో అతను ఉనైసిని ఒక్కసారి కూడా మరదలా అని పిలవలేదు.

ఉనైసిని మెరెసేని గదికి పిలిచి ఒక ఉత్తరం ముందు పెట్టింది. తప్పుడు ప్రయాణకాలంతో కొన్ని ప్లాన్ల మీద సంతకం చేసినందుకు హెచ్చరిక, మూడు నెలలు ఇంకొకరి పర్యవేక్షణలో పని.

"చదువుకుని సంతకం పెట్టండి."

ఉనైసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. కలం అందుకోలేదు.

"ఒప్పుకోరా?"

"శిక్షకి ఒప్పుకుంటాను." కాగితాన్ని మెరెసేని వైపు తిప్పి రెండో వరుస మీద వేలు పెట్టింది. "ఇక్కడ కొన్ని అని ఉంది. కొన్ని కాదు, తొమ్మిది. అది దిద్ది తెండి, అప్పుడు పెడతాను."